రాత్రిపూట రోగితో ఆసుపత్రికి, మందులు వాడుతూ డ్రైవింగ్: ట్రాఫిక్ పోలీసుల దగ్గర ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు

మీరు అడిగినవి మూడు. నాన్నగారికి గుండె జబ్బు ఉంది, రాత్రి నొప్పి వస్తే సొంత కారులో తీసుకెళ్తూ సిగ్నల్ దాటవచ్చా, పోలీసులు ఆపితే ఏం చెప్పాలి? దాటినందుకు చలానా పడితే రద్దవుతుందా? మీకేమో షుగర్, పైగా తరచూ దగ్గు. సిరప్పో ఆయుర్వేద అరిష్టమో తాగి బండి తీస్తే డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరుకుతారా? ఒక్కొక్కటీ చెబుతాను. ఎక్కువ చెప్పాల్సింది మూడోదాని గురించి. జనం తేలిగ్గా తీసుకునేదీ, ప్రాణాల మీదికి తెచ్చేదీ అదే.

మొదట అసలు కారు తీయాలా వద్దా అన్నది చూడండి. 108 అంబులెన్స్ మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలైంది. అప్పటి నుంచి ఇన్నేళ్లుగా ఉన్నా, గుండెనొప్పి రాగానే చాలా ఇళ్లలో చేయి ముందు కారు తాళం మీదకే పోతుంది. 108కి ఫోన్ చేసి ఎంతసేపట్లో వస్తుందో అడగండి. అందులో ఆక్సిజన్ ఉంటుంది, పక్కన చూసుకునే మనిషి ఉంటాడు, అన్నిటికీ మించి రోడ్డు మీద దారి అడిగే హక్కు ఉంటుంది. అది రావడానికి పట్టే సమయం కంటే చాలా ముందే మీరు ఆసుపత్రికి చేరగలిగితేనే కారు. ఈలోపు ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండ్లు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగమని డాక్టర్లు చెబుతారు. నాన్నగారికి అది సరేనా కాదా అన్నది ఆయన కార్డియాలజిస్టును ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఆ రాత్రి అడగడానికి తీరిక ఉండదు. మూతి వంకరపోయి, మాట తడబడి, ఒక చేయి పడిపోతే అది పక్షవాతం కావచ్చు. అప్పుడు ఆస్పిరిన్ ఇవ్వవద్దు. లోపల రక్తం కారుతోందో, గడ్డకట్టిందో స్కాన్ తీస్తేగానీ తెలియదు. అలాంటప్పుడు "చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకు" అన్నది కాగితం మీద రాసుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. ఆసుపత్రిలో మొదట అడిగేదీ అదే.

బయలుదేరే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి, గుండె అయితే రక్తనాళాల అడ్డు తీసే క్యాథ్ ల్యాబ్, పక్షవాతమైతే సీటీ స్కాన్ ఈ రాత్రి పనిచేస్తున్నాయా అని అడగండి. దగ్గరున్న ఆసుపత్రికి పరుగెత్తి, అక్కడ లేదంటే ఇంకో చోటికి పోవడంలో పోయే సమయం ముందు ఏ సిగ్నల్ దగ్గర పోయే సమయమూ లెక్కలోకి రాదు.

ఇక కారులో. నడిపేవాళ్లు ఒకరు, రోగి పక్కన ఇంకొకరు. రోగిని ముందు సీట్లో కూర్చోబెట్టకండి. స్పృహ తప్పితే గేర్ మీదకో స్టీరింగ్ మీదకో ఒరుగుతారు. వెనక సీట్లో వీపు ఆనించి కూర్చోబెట్టి బెల్టు పెట్టండి. ఫోన్లన్నీ పక్కనున్న మనిషే మాట్లాడాలి. స్టీరింగ్ పట్టుకున్నవారు ఫోన్ చేతిలో పట్టుకుంటే అది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగ్ అవుతుంది. ఆ సెక్షన్ కిందికే సిగ్నల్ జంప్ కూడా వస్తుంది.

అదే మీ మొదటి ప్రశ్న. చట్టం దృష్టిలో రోగి ఉన్నంత మాత్రాన సొంత కారు అంబులెన్స్ కాదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన సెక్షన్ 194ఈ ప్రకారం అంబులెన్స్, ఫైరింజన్ లాంటి అత్యవసర వాహనాలకు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. మీ కారుకు ఆ రక్షణ లేదు. సైరన్ బిగించుకునే హక్కూ లేదు. నాలుగు ఇండికేటర్లు వేసుకుపోతే ఎమర్జెన్సీ అని అందరికీ తెలుస్తుందనుకుంటారు గానీ, దానివల్ల జరిగేది వేరు. అవి వెలుగుతున్నప్పుడు మీరు ఎడమకు తిరుగుతున్నారో కుడికో వెనకవాడికి తెలియదు. ప్రమాదం అక్కడే. హెడ్‌లైట్లు వేయండి, అవసరమైన చోట చిన్న హారన్ కొట్టండి, తిరిగేటప్పుడు మామూలుగా ఇండికేటర్ వేయండి. రెడ్ సిగ్నల్ దగ్గర పోలీసు ఉంటే దాటకండి. ఆయన పక్కకు వెళ్లి ఆపండి.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పోలీసును తప్పించుకోవాల్సిన మనిషిగా చూస్తారు. ఆ రాత్రి మీ దారిని తెరవగల మనిషి ఆయనే. కూడలిలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ సిగ్నల్‌ను చేత్తో నడిపించగలడు, వైర్‌లెస్‌లో ముందున్న జంక్షన్‌కు చెప్పగలడు. మార్పిడి కోసం అవయవాలు తీసుకెళ్లడానికి దారంతా ఖాళీ చేయించే గ్రీన్ చానల్ సంగతి వేరు. ఆసుపత్రి, పోలీసులు కలిసి ముందే మాట్లాడుకుని వేసుకునేది అది. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక గుండెను నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైలులోనే తీసుకెళ్లారు. అంత ఏర్పాటు మీ కారుకు జరగదు. కానీ ఒక్క కూడలి నిమిషంలో ఖాళీ చేయించడం రోజూ జరిగే పనే, అడిగితే.

ఎలా అడగాలి? చెక్‌పోస్టు కనబడగానే వేగం తగ్గించండి. దూసుకొచ్చి ఆగే కారు వాళ్లకు తాగుబోతు కారులాగే కనబడుతుంది. లోపలి లైటు వేయండి, అద్దం దించండి, దిగకండి. ఒక్క మాటలో చెప్పండి: "సార్, నాన్నకు గుండెనొప్పి, వెనక ఉన్నారు, ఫలానా ఆసుపత్రికి, ఇంకా 4 కిలోమీటర్లు. ముందు జంక్షన్‌కు కాస్త చెప్పండి." జబ్బు, ఆసుపత్రి, దూరం, మీకు కావలసింది, ఈ నాలుగూ అందులో ఉన్నాయి. "ఎమర్జెన్సీ సార్" అని ఊరుకుంటే నమ్మరు. ఆ మాట రోజుకు ఎన్నిసార్లు వింటారో ఆలోచించండి. లోపలి లైటు వెలుగులో రోగి ముఖం చూశాక చాలామంది రెండో ప్రశ్న వేయరు.

వేస్తే? యూనిఫామ్‌లో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్స్ చూపించాల్సిందే, సెక్షన్ 130 అదే చెబుతుంది. ప్రభుత్వ యాప్‌లు డిజిలాకర్, ఎం-పరివాహన్‌లో ఉన్న లైసెన్స్, ఆర్సీ చెల్లుతాయి. ఇందుకోసం కేంద్ర మోటారు వాహన నిబంధనలను 2018 నవంబరులోనే సవరించారు. ఒక చిక్కు ఉంది. ఫోన్‌లో దాచుకున్న మామూలు ఫొటోను అసలు పత్రంగా ఒప్పుకోరు, యాప్ తెరిచే చూపించాలి. రాత్రిపూట ఓటీపీ రాక అక్కడే ఇరుక్కుంటారు. యాప్ లాగిన్ అయి ఉందో లేదో ఇవాళే చూసుకోండి. అప్పటికీ ఒప్పుకోకపోతే ఇలా అనండి: "బండి నంబరు, నా ఫొటో తీసుకోండి సార్, చలానా పంపండి, మేం వెళ్తాం." ఈ-చలానాకు మీరు అక్కడ నిలబడాల్సిన అవసరం లేదు. ఫొటోతోనే పని అయిపోతుంది. తాళం లాక్కోవడానికి చట్టంలో అధికారం లేదన్నది నిజమే. రిజిస్ట్రేషన్, లైసెన్స్ లేని బండిని సెక్షన్ 207 కింద ఆపి ఉంచడం వేరే సంగతి. అయినా వెనక సీట్లో గుండెనొప్పి మనిషిని పెట్టుకుని ఆ వాదన పెట్టుకోకండి. ఫిర్యాదు మర్నాడు కూడా ఇవ్వవచ్చు. చేతికి డబ్బులు మాత్రం ఇవ్వకండి. రసీదు రానిది జరిమానా కాదు.

స్కూటర్ మీద రోగిని మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురు వెళ్లడం ఊళ్లలో, పట్టణాల్లో మామూలైపోయింది. సెక్షన్ 194సీ కింద అది 1,000 రూపాయలు, లైసెన్స్ 3 నెలలు పోవచ్చు. జరిమానా కంటే భయపడాల్సింది ఇంకొకటి: స్పృహ తప్పిన మనిషి బరువు ఒక పక్కకు వాలితే వెనక కూర్చున్నవాడు ఆపలేడు, బండి పడిపోతుంది. ఆటో ఎక్కండి. తలకు కట్టు ఉందని, మెడ నొప్పి అని హెల్మెట్ లేకుండా వెళ్తే డాక్టర్ చీటీ చూపించి బయటపడొచ్చన్న నమ్మకమూ ఉంది. సెక్షన్ 129 రాసి పెట్టిన మినహాయింపు తలపాగా ధరించిన సిక్కులకు, డాక్టర్ చీటీకి కాదు. హెల్మెట్ పట్టని తలతో బండి నడపకపోవడమే దారి.

రెండో ప్రశ్న, చలానా. ముందుగా ఒక సంగతి: చట్టంలో రాసిన జరిమానా ఒకటి, అక్కడికక్కడ కట్టి వదిలించుకునే మొత్తం ఇంకొకటి కావచ్చు. సెక్షన్ 200 ఆ రెండోదాన్ని రాష్ట్రాల చేతిలో పెట్టింది. అందుకే పక్క రాష్ట్రంలో ఉన్న బంధువు చెప్పిన లెక్క మీ దగ్గర కుదరదు.

రద్దు కావాలంటే మీ మాట కాదు, గడియారం సాక్ష్యం చెప్పాలి. చలానా ఫొటో మీద తేదీ, గంట, నిమిషం, చోటు ఉంటాయి. ఆసుపత్రి ఎమర్జెన్సీలో రిజిస్టర్ చేసిన చీటీ మీదా గంట, నిమిషం ఉంటాయి. రెండింటి మధ్య ఉన్న తేడా, ఆ దారిలో పట్టే ప్రయాణ సమయంతో సరిపోవాలి. సిగ్నల్ 1:40కి దాటి, 12 నిమిషాల దూరంలో ఉన్న ఆసుపత్రిలో 1:55కి పేరు రాయించి ఉంటే మీ కేసు గట్టిది. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే పెట్టి పంపేవారు ఎక్కువ. అందులో సాధారణంగా తేదీయే ఉంటుంది, గంట ఉండదు, దాంతో ఏమీ తేలదు. ఎమర్జెన్సీ చీటీని ఆ రాత్రే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత అడిగితే మెడికల్ రికార్డుల విభాగం చుట్టూ తిరగాలి.

చీటీ, చలానా నంబరు, అర పేజీ ఉత్తరం జతచేసి చలానా వేసిన ట్రాఫిక్ విభాగానికి పంపండి. వాళ్ల దగ్గర తేలకపోతే కోర్టులో చెప్పుకునే దారి ఉంది. ముందు కట్టేసి తర్వాత వాదించడం కుదరదు, కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. మేజిస్ట్రేట్ ముందు ఎత్తి చూపాల్సింది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 19, పాత ఐపీసీలో 81. నేర ఉద్దేశం లేకుండా, ఇంకో పెద్ద హాని తప్పించడానికి సదుద్దేశంతో చేసిన పని నేరం కాదని దాని సారాంశం. ఖాళీ రోడ్డు మీద, ఆగి చూసుకుని దాటిన రెడ్ సిగ్నల్‌కు ఇది వర్తిస్తుందని వాదించవచ్చు. రాంగ్ రూట్లో ఫ్లైఓవర్ ఎక్కినదానికి కష్టం, ఎందుకంటే మీరు తప్పించిన హాని కంటే తెచ్చిపెట్టగలిగిన హాని పెద్దది. నిజాయితీగా చెప్పాలంటే ఒక్క చలానాకు కోర్టుకు తిరిగే ఖర్చు చలానా కంటే ఎక్కువ. లైసెన్స్ సస్పెండ్ అయ్యే అవకాశం ఉంటేనే వెళ్లండి.

మూడోది. డ్రంక్ అండ్ డ్రైవ్ అంటే సెక్షన్ 185: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్. మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. దశమూలారిష్టం, ద్రాక్షాసవం, అశోకారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవి. వాటిలో సహజంగా పుట్టిన ఆల్కహాల్ 5 నుంచి 12 శాతం దాకా ఉంటుంది, సీసా మీద కూడా రాస్తారు. ఒక మోతాదు 30 మిల్లీలీటర్లు, అందులో 10 శాతం అనుకుంటే కడుపులోకి వెళ్లేది సుమారు రెండున్నర గ్రాములు. 60 కిలోల మనిషి రక్తంలో అది 100 మిల్లీలీటర్లకు 6 మిల్లీగ్రాముల దగ్గర తేలుతుంది. అంటే చెప్పిన మోతాదే తాగితే 30 దాటదు. ఇంతవరకు ధైర్యంగా ఉండవచ్చు.

మరి పోలీసులు ఊదించే బ్రీత్ అనలైజర్ యంత్రం ఒక్కోసారి ఎందుకు ఎక్కువ చూపిస్తుంది? తాగిన వెంటనే నోట్లో, చిగుళ్లలో మిగిలిన ఆల్కహాల్ ఆవిరి ఊపిరితో కలిసి వస్తుంది. యంత్రం దాన్ని ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చినదనుకుని లెక్క కడుతుంది. మౌత్‌వాష్, ఆల్కహాల్ కలిసిన దగ్గు మందు, హోమియో మదర్ టింక్చర్, ఆల్కహాల్ ఉన్న కొన్ని ఆస్తమా ఇన్‌హేలర్లు, అన్నీ ఇంతే. ఇది 15 నిమిషాల్లో పోతుంది. కాబట్టి మందు తాగాక నోరు పుక్కిలించి 20 నిమిషాలు ఆగి బండి తీయండి. తాగిన వెంటనే దొరికితే ఊదకముందే చెప్పండి, ఊదాక కాదు: "ఇప్పుడే ఈ దగ్గు మందు తాగాను సార్, నీళ్లతో పుక్కిలించి పావుగంట తర్వాత ఊదుతాను." సీసా బండిలో ఉంటే చూపండి. పావుగంట తర్వాత అంకె పడిపోతే అది నోటి ఆల్కహాల్. పడిపోకపోతే ఆ మందు కథ ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఊదనని మొండికేయడం మంచిది కాదు. అనుమానం ఉండగా నిరాకరిస్తే వారెంట్ లేకుండా అరెస్టు చేసే అధికారం సెక్షన్ 203 ఇస్తుంది. ఆస్తమా, సీఓపీడీ (దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవారు నిజంగానే ఊదలేరు. యంత్రానికి కొన్ని సెకన్లు తెగకుండా ఊదాలి. రెండుసార్లు మధ్యలో ఆగితే కావాలనే చేస్తున్నారనుకుంటారు. ముందే జబ్బు పేరు చెప్పి, ఇన్‌హేలర్ చూపించి, రక్త పరీక్ష చేయించమని అడగండి. సెక్షన్ 185 కింద అరెస్టు చేస్తే 2 గంటల్లోపు డాక్టర్ పరీక్ష జరిపించాలని, లేదంటే వదిలేయాలని సెక్షన్ 202 చెబుతోంది.

అసలు దగ్గు, జలుబు మందుల్లో భయపడాల్సింది ఆల్కహాల్ గురించి కాదు, నిద్ర గురించి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, సిరప్‌లలో డైఫెన్‌హైడ్రమిన్, కోడీన్, దురదకు వేసుకునే సెట్రిజిన్ కొందరికి, నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్, నరాల నొప్పికి ప్రెగాబలిన్, వీటిలో ఏదైనా మీ చేతిని, కంటిని నెమ్మది చేస్తుంది. మీకు నిద్ర రాలేదనిపించినా బ్రేక్ మీదకు కాలు ఆలస్యంగా వెళ్తుంది. బ్రీత్ అనలైజర్ ఇవేవీ పట్టదు. అంతమాత్రాన చట్టానికి అందవనుకోకండి. బండి అదుపులో పెట్టలేనంతగా మందు ప్రభావంలో ఉంటే అదే సెక్షన్ 185 వర్తిస్తుంది, డాక్టర్ రాసిచ్చిన మందైనా సరే. కొత్త మాత్ర మొదలుపెట్టిన రెండు మూడు రోజులు బండి ముట్టుకోకండి. కంటి పరీక్షకు చుక్కలు వేయించుకున్న రోజు ఆటోలో ఇంటికి రండి. కంటిపాప విప్పారి ఉన్నంతసేపు ఎదురు బండి లైటు కళ్లలో పేలినట్టుంటుంది.

షుగర్ విషయం వీటన్నిటికంటే ముఖ్యం. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కిందికి పడితే చెమట, వణుకు, మాట ముద్దగా రావడం, అడిగినదానికి పొంతన లేని జవాబు, ఒక్కోసారి కోపం. చూసేవారికి అచ్చం తాగినవాడే. యంత్రం సున్నా చూపించినా "ఇంకేదో మత్తు" అనుకుని పక్కన కూర్చోబెడితే, చక్కెర అందాల్సిన ఆ పావుగంట పోతుంది. ఇన్సులిన్ వేసుకునేవారికి, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారికి ఈ ముప్పు ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చాలా అరుదు. మీ మాత్ర పేరు చూసుకోండి, మీరు ఏ గుంపులో ఉన్నారో అక్కడే తెలుస్తుంది.

మొదటి గుంపైతే బండి తీసే ముందు వేలు పొడిచి చూసుకోండి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని బయలుదేరండి, 70 కంటే తక్కువైతే నడపకండి. దూర ప్రయాణంలో ప్రతి 2 గంటలకూ చూసుకోండి. దారిలో తేడా అనిపిస్తే ఎడమకు ఆపి, తాళం తీసి, డ్రైవర్ సీటులోంచి లేచి పక్క సీట్లోకి మారండి. మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి లేదా పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. చాక్లెట్, బిస్కెట్ వద్దు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. అంకె సరిగా వచ్చినా 45 నిమిషాలు స్టీరింగ్ పట్టకండి, రక్తంలో చక్కెర లేచినంత త్వరగా మెదడు తేరుకోదు. పర్సులో లైసెన్స్ పక్కనే ఒక కార్డు పెట్టుకోండి, తెలుగులో పెద్ద అక్షరాలతో: "నాకు షుగర్ వ్యాధి ఉంది. తడబడుతుంటే మత్తు కాదు. మింగగలిగితే పంచదార ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి." పోలీసు లైసెన్స్ అడిగి తీసుకున్నప్పుడు ఆ కార్డు కూడా ఆయన చేతికి వెళ్తుంది.

ఇంకో సెక్షన్ గురించి చాలామందికి తెలియదు, 186. ఇతరులకు ప్రమాదం తెచ్చే జబ్బు ఉందని తనకు తెలిసి కూడా నడిపినవారికి మొదటిసారి 1,000 వరకు, మళ్లీ చేస్తే 2,000 రూపాయల వరకు జరిమానా. "తనకు తెలిసి" అన్నదే ఇక్కడ కీలకం. నిన్న జ్వరంతో కళ్లు తిరిగాయని డాక్టర్‌కు చెప్పి చీటీ రాయించుకుంటే, ఇవాళ తెలియదనడం కుదరదు. కాలికి సిమెంటు కట్టుతో కారు నడిపేవారు, చికున్‌గున్యా కీళ్లనొప్పులతో బ్రేక్ లివర్ గట్టిగా పట్టలేకపోయినా బండి తీసేవారు దీని కిందికే వస్తారు. మూర్ఛ సంగతి ఇంకా గట్టిది. లైసెన్స్‌కు ఇచ్చే ఫారం 1లో మూర్ఛ, హఠాత్తుగా స్పృహ తప్పడం, కళ్లు తిరగడం ఉన్నాయా అని సూటిగా అడుగుతారు. లేదని రాసి సంతకం పెట్టడం అబద్ధపు ప్రకటన. లైసెన్స్ వచ్చాక జబ్బు బయటపడితే సెక్షన్ 16 కింద రద్దు చేయవచ్చు.

అందుకని ఏ జబ్బు తగ్గాకైనా, ఆపరేషన్ తర్వాతైనా "ఫలానా తేదీ నుంచి వాహనం నడపవచ్చు" అని డాక్టర్ చేత చీటీ మీదే రాయించుకోండి. అడిగితే రాస్తారు, అడగకపోతే ఎవరూ చెప్పరు. ఆ చీటీ ఫొటోను డిజిలాకర్ ఉన్న ఫోన్‌లోనే ఉంచుకోండి.